వాటంతటవే బాగయ్యే వస్తువులు

"మా ఇంట్లో వస్తువులకు ఏదో మహిమ ఉందండీ. పాడవడం పాడవుతాయి, నాలుగు రోజులు వదిలేస్తే వాటంతటవే బాగవుతాయి" అని అత్తగారు ఎదురింటావిడతో గుమ్మంలో నిలబడి చెబుతున్నారు. లోపల ఆరిన బట్టలు మడతపెడుతున్న కోడలికి ఆ మాట వినబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక, చేతిలో ఉన్న చొక్కా కాలరు ఇంకోసారి సరిచేసి దొంతర మీద పెట్టింది.

ఆ మహిమ ఎవరిదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మిక్సీ ఆగిపోయింది. ఆయన, అంటే ఆమె భర్త, దాన్ని తిప్పి చూసి, కుదిపి చూసి, రెండు తిట్లు తిట్టి అటక మీదికి ఎక్కించేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె దాన్ని కిందికి దించి, అడుగు మూత విప్పి, ఊడిపోయిన తీగను మళ్ళీ బిగించింది. సాయంత్రం అందరిముందూ మీట నొక్కితే గర్రుమని తిరిగింది. అప్పటికి మామగారు ఉన్నారు. "ఒరే, ఇంతకీ ఇంజనీరింగు చదివింది నువ్వా, మీ ఆవిడా?" అన్నారు సరదాకి. ఆయన నవ్వలేదు. ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ ఆమెతో మాట్లాడలేదు కూడా. పళ్ళెంలో పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాడు. మూడో రోజు అత్తగారు ఆమెను వంటింట్లో పక్కకు పిలిచారు. "చేస్తే చేశావు గానీ అమ్మాయ్, చేశానని చెప్పడమెందుకు? దానంతటదే వచ్చిందంటే పోయేదేముంది?"

పోయేదేమీ లేదనే అప్పుడు అనిపించింది. ఆ తర్వాత ఫ్యాను ఆగితే దానంతటదే తిరిగింది. ఇస్త్రీపెట్టె చల్లబడితే దానంతటదే వేడెక్కింది. స్నానాల గదిలో కారే కుళాయి ఒక మధ్యాహ్నం దానంతటదే కారడం మానేసింది. ఇంటికొచ్చి ఆ వార్త విన్నప్పుడల్లా ఆయన ముఖం వెలిగిపోయేది. "చెప్పానా? కంగారు పడకూడదు. వస్తువుకి కాస్త టైమివ్వాలి" అనేవాడు. తర్వాత హాల్లో గోడగడియారం వైపు చూపించేవాడు. అది మామగారు కొన్నది, బరువైన లోలకంతో ఉంటుంది. "ముప్పై ఏళ్ళుగా దాన్ని విప్పిన మనిషి లేడు. మధ్యలో ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు దానంతటదే నడిచిందో! నాన్న చేతి చలవ." ఆమె అవునన్నట్టు తలూపి కంచాలు తీసేది. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. ఆ ఇంట్లో నీళ్ళ ట్యాంకు నిండటం, ఊడిన చొక్కా గుండీలు కుట్టి ఉండటం, మురికి బట్టలు బీరువాలోకి శుభ్రంగా చేరడం, అన్నీ ఆ మహిమ ఖాతాలోకే పోయాయి.

ఈ మధ్య ఒక చిన్న సంగతి ఆమె మనసులో ముల్లులా దిగింది. ఏడేళ్ళ కూతురి గొడుగు ఊచ విరిగింది. పాప ఏడవలేదు, ఎవరినీ అడగలేదు. గొడుగును బుద్ధిగా అలమరాలో పై అరలో పెట్టి, రోజూ స్కూలుకెళ్ళే ముందు ఒకసారి తెరిచి చూసుకుంటోంది. "ఏం చేస్తున్నావే?" అంటే, "టైమిస్తున్నా అమ్మా. దానంతటదే బాగవుతుందిగా" అంది. పదిహేను రోజులైంది, గొడుగు అక్కడే ఉంది.

ఇక కంప్యూటరు సంగతి. పాప పుట్టేదాకా ఆమె ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో భవనాలకు ప్లాన్లు గీసేది. గీత పొల్లుపోయేది కాదు. ఆ ఆఫీసు యజమానురాలిని అందరూ పెద్ద మేడమ్ అంటారు. నెల కిందట ఆవిడే ఫోన్ చేసింది. "ఒక చిన్న ఆసుపత్రి. రెండంతస్తులు. మెట్లూ, చక్రాల కుర్చీ ఎక్కే ఏటవాలు దారీ ఉన్న జాగాలోనే ఇమడాలి. ముగ్గురికిచ్చాను, ముగ్గురూ చేతులెత్తేశారు. మంగళవారం నాలుగింటికి కాంట్రాక్టరు వస్తాడు. అప్పటికి పంపించు. కుదిరిందా, నీ పాత బల్ల నీదే. కుదరలేదా, ఇంకొకరిని తీసుకుంటాను. ముందే చెబుతున్నా."

ఇరవై రోజులపాటు, మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు కునుకు తీసే ఆ గంటన్నరలో ఆమె ఆ మెట్లు గీసింది. వంట చేస్తున్నా మెట్లే, బట్టలు ఆరేస్తున్నా మెట్లే. ఒకరోజు కూర తరుగుతూ ముక్కలతో మలుపు కట్టి చూసింది. అక్కడే చిక్కు విడింది కూడా. కానీ చివరికొచ్చేసరికి కంప్యూటరు పేచీ మొదలుపెట్టింది. పావుగంట నడిచి, ఠక్కున ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేది. ఆమె ఐదు నిమిషాలకోసారి సేవ్ చేసుకుంటూ, రోజూ ఒక కాపీ పెన్‌డ్రైవులో వేసుకుంటూ నెట్టుకొచ్చింది. గురువారం పెన్‌డ్రైవు కనబడలేదు. "నేనే తీసుకెళ్ళా, ఆఫీసులో కావాల్సొచ్చింది. ఖాళీ చేసి వాడుకున్నా. అందులో ఏం లేదులే, ఏవో గీతలున్నాయి" అన్నాడాయన, సాక్సులు విప్పుతూ. ఏవో గీతలు! ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

శుక్రవారం ఆయన ఏదో చూసుకుంటుంటే కంప్యూటరు ఆగింది. ఆయనకు ఒళ్ళు మండింది. కొత్త చొక్కాలో వచ్చిన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, సీపీయూ డబ్బా ముందువైపు, ఆన్ చేసే బటన్‌కు కాస్త కిందుగా, వెడల్పాటి టేపుతో ఈ చివరనుంచి ఆ చివరకు లాగి బిగించి అంటించాడు. "ఎవరూ ముట్టుకోవద్దు. ఆదివారం నేను చూస్తాను."

ఆదివారం ఆయన చూశాడు. ఆన్ చేశాడు. తెరమీద కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మూడోసారికి, "అయిపోయింది. బోర్డు కాలిపోయింది. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అని మ్యాచ్ ముందు కూర్చున్నాడు. "అందులో నా డ్రాయింగ్ ఉందండీ" అంది. "మళ్ళీ గీసుకో. నీకేం, ఇంట్లోనేగా ఉంటావు" అన్నాడు, తెరమీంచి చూపు తిప్పకుండా.

మంగళవారం పొద్దున ఆయనా పాపా వెళ్ళగానే ఆమె రిపేరు షాపుకి ఫోన్ చేసింది. "మూడు రోజులు పడుతుంది మేడమ్. ఏ మోడలో ఒకసారి సారుని మాట్లాడమనండి." ఆమె మోడలు చెప్పింది, ఏ సంవత్సరందో చెప్పింది, లోపల ఎంత మెమరీ ఉందో చెప్పింది. అవన్నీ విన్నాక షాపతను, "సరే మేడమ్, సారు ఉన్నప్పుడు చేయండి" అని పెట్టేశాడు. పది గంటలైంది. ఇంకా ఆరు గంటలు.

ఆమె బల్లమీద దుప్పటి పరిచి, డబ్బాను ఎత్తుకొచ్చి, దాని గుడ్డ గలేబు తీసి, పక్కకు పడుకోబెట్టింది. కుర్చీలో కూర్చున్న అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "వాడు ముట్టుకోవద్దన్నాడుగా?"

"అవునత్తయ్యా" అంది ఆమె, ప్లగ్గు పీకుతూ.

అట్టముక్క జోలికి మాత్రం వెళ్ళలేదు. టేపు చెక్కుచెదరకుండా, అక్షరాలు నలగకుండా చూసుకుంది. సాయంత్రానికి అంతా యథాస్థానంలో పెట్టేస్తే, అలవాటు ప్రకారం దానంతటదే వచ్చిందని చెప్పొచ్చు కదా! ఆమె లెక్క అది.

ఆమె పని చేసే తీరు చూడాలి. గళ్ళ నోటుబుక్కు తెరిచి, పైన "ఒకసారికి ఒకటే మార్పు" అని రాసుకుంది. పెద్ద మేడమ్ నేర్పిన పద్ధతి అది. ప్లానులో కొలతలు కలవకపోతే కంగారుగా అన్నీ చెరపకూడదు, ఒక్కటి మార్చాలి, చూడాలి, రాసుకోవాలి, అప్పుడు రెండోదాని జోలికి పోవాలి. ముందు ప్రింటరు తీసేసి ఆన్ చేసింది. వచ్చింది, పోయింది. రాసుకుంది. స్పీకర్లు తీసింది. వచ్చింది, పోయింది. కెమెరా, మౌసు, కీబోర్డు, ఒక్కొక్కటే. గోడకున్న వేరే ప్లగ్గులో పెట్టింది, వైరు మార్చింది. ప్రతిసారీ ఎన్ని సెకన్లు బతికిందో లెక్కపెట్టింది. నాలుగు, పదకొండు, మూడు, ఏడు. వరసాపాడూ లేదు. మధ్యలో కుక్కరు కూత పెడితే లేచి వెళ్ళింది, కొరియరువాడు గంట కొడితే సంతకం పెట్టింది, నీళ్ళ మోటరు ఆపింది. తిరిగొచ్చి నోటుబుక్కులో ఎక్కడ ఆపిందో అక్కడినుంచి అందుకుంది. మనిషిని నాలుగు వైపులనుంచి పిలుస్తున్నా దారం తెగకుండా పట్టుకోవడం, తొమ్మిదేళ్ళ సంసారం ఆమెకు నేర్పిన విద్య. ఏ కాలేజీలోనూ దానికి పట్టా ఇవ్వరు.

ఇక డబ్బా విప్పాలి. ఆయన పనిముట్లన్నీ కారు డిక్కీలో ఉన్నాయి. ఆమె కత్తి తెచ్చి, మొనను స్క్రూ గాడిలో పెట్టబోయింది.

"కత్తి జారితే చెయ్యి తెగుతుంది" అన్నారు అత్తగారు. లేచి, గదిలోకి వెళ్ళి, తన కుట్టుపని డబ్బా తెచ్చారు. దారపు ఉండల అడుగునుంచి ఒక చిన్న స్క్రూడ్రైవరు తీశారు. చెక్కపిడి, పట్టుకుని పట్టుకుని నున్నగా అద్దంలా మెరుస్తోంది.

"మీ దగ్గర ఇది ఉందా అత్తయ్యా!"

"కుట్టుమిషనుకి వాడేదాన్నిలే" అన్నారు ఆవిడ, చూపు తిప్పుకుని.

పక్క రేకు తీయగానే లోపల దుమ్ము పరుపులా పేరుకుని ఉంది. డబ్బా మురికవకుండా అత్తగారే ఎప్పుడో, ముందువైపు మాత్రం వదిలి, ఆ గలేబు కుట్టి తొడిగారు. దాని నూగంతా ఫ్యానులోకి వెళ్ళి చుట్టుకుపోయింది. అది చూసి ఆవిడ నాలుక కరుచుకున్నారు. "నా గలేబేనా కొంప ముంచింది?"

"పావుగంటకోసారి ఆగిపోయింది ఇందుకే అత్తయ్యా. గాలాడక వేడెక్కింది" అంది ఆమె, పాప రంగులేసుకునే బ్రష్షుతో దుమ్ము దులుపుతూ. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ తుడిచింది. ఆశగా ఆన్ చేసింది. వచ్చింది, పోయింది. ఆరు సెకన్లు. పావుగంట జబ్బుకి మందు దొరికింది గానీ ఈ సెకన్ల జబ్బు వేరేది.

మెమరీ పలకలు రెండు. తీసి, వాటి బంగారు రంగు అంచుల్ని పెన్సిలు రబ్బరుతో మెత్తగా రుద్దింది. ఒకటి పెట్టి చూసింది, తీసి రెండోది పెట్టి చూసింది. లాభం లేదు. రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి పెట్టింది. లాభం లేదు. తర్వాత ఊపిరి బిగబట్టి హార్డ్‌డిస్కు వైరు పీకేసింది. ఆమె మెట్లన్నీ ఉన్నది అందులోనే. ఆన్ చేసింది. అప్పుడూ అదే తంతు, వచ్చింది, పోయింది.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "డిస్కు బాగానే ఉందత్తయ్యా! అది లేకపోయినా ఇది ఆగిపోతోందంటే తప్పు దానిది కాదు!"

అత్తగారికి ఒక్క ముక్క అర్థమైందో లేదో గానీ, ఆమె కళ్ళలో మెరుపు మాత్రం బాగా అర్థమైంది. ఆవిడ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళారు. కంచంలో అన్నం పెట్టుకొచ్చి ఆమె మోచేతి పక్కన ఉంచారు. ఈ ఇంటికొచ్చాక ఆమె అడగకుండా, ఆమె వడ్డించుకోకుండా ఆమె ముందుకొచ్చిన మొదటి కంచం అది. ఆమె రెండు ముద్దలు తిని చూసుకునేలోపు, టార్చిలైటు పట్టుకుని అత్తగారు బల్లకు అటువైపు నిలబడ్డారు. "ఊఁ, ఎక్కడ చూపించమంటావు?"

రెండు దాటింది. ఒకసారికి ఒకటి చొప్పున తీయగలిగినవన్నీ తీసేసింది. నోటుబుక్కులో పేజీన్నర నిండింది. మిగిలింది బోర్డు, కరెంటు పెట్టె. అవి పోతే ఆమె చేతిలో ఏమీ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బల్ల పోయింది అనుకుంది. కిటికీ పక్క బల్ల, మధ్యాహ్నం ఎండ పడకుండా తను అట్ట అడ్డుపెట్టుకున్న బల్ల. కళ్ళు చెమ్మగిల్లాయి.

"అన్నివైపులా చూశావు గానీ, ఆ ముందువైపు చూడలేదేం?" అన్నారు అత్తగారు.

"అక్కడ చీటీ ఉందిగా అత్తయ్యా" అంది ఆమె, అదేదో సహజమైన సంగతన్నట్టు.

ఇద్దరూ చీటీవైపు చూశారు. ఆమె గబుక్కున వంగి డబ్బా లోపలికి చూసింది. బోర్డు మూలనుంచి రెండు సన్నని వైర్లు ముందువైపుకి వెళుతున్నాయి. వాటిని వేలితో తడుముకుంటూ పోయింది. ఒకటి ఆన్ బటన్ దగ్గర ఆగింది. రెండోది ఇంకాస్త కిందికి, సరిగ్గా చీటీ వెనక్కి వెళ్ళింది. అక్కడ చిటికెన వేలి గోరంత బటన్ ఉంటుంది. అది నొక్కితే కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఎవరూ వాడరు కాబట్టి అది ఉందన్న సంగతే ఇంట్లో అందరూ మర్చిపోయారు. నాలుగు రోజులుగా దాన్ని అట్టముక్క నొక్కి పట్టుకుని ఉంది. ఫ్యాను తిరిగే వణుకుకి కాస్త వదులుతుంది, మళ్ళీ నొక్కుతుంది. అందుకే నాలుగు, పదకొండు, మూడు.

ఆమె టేపు అంచు గోటితో లేపింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తీశాక మళ్ళీ ఇలాగే అంటించడం కుదరదు, తీసినట్టు తెలిసిపోతుంది. అత్తగారి టార్చి వెలుగు కదల్లేదు. ఆమె బర్రున లాగేసింది. టక్కుమని చిన్న చప్పుడుతో బటన్ పైకి లేచింది.

అన్నీ తిరిగి బిగించి ఆన్ చేసింది. కంపెనీ గుర్తు వచ్చింది. ఇద్దరూ బయటికే లెక్కపెట్టారు. పది, పదకొండు, పన్నెండు. ఇరవై దగ్గర అత్తగారు లెక్కపెట్టడం మానేసి చప్పట్లు కొట్టారు. తెరమీద ఆమె మెట్లు, ఏటవాలు దారి, ఆఖరిగా ఆపిన చోట ఆపినట్టే ఉన్నాయి. మెట్ల పక్క కటకటాల కొలతలు మాత్రం వేయాల్సి ఉంది. వేసింది. స్కూలు బస్సు దిగి పాప వచ్చింది. "అమ్మా, దానంతటదే బాగయిందా?" అంటూ భుజం మీద వాలింది. "ఆగమ్మా, చెబుతా" అంది ఆమె. మూడూ నలభై ఎనిమిదికి డ్రాయింగ్ పంపించింది.

ఐదున్నరకి పెద్ద మేడమ్ ఫోన్. "మలుపు దగ్గర మెట్లు అటు తిప్పి, దారికి చోటు మిగిల్చావే. ఎవరి ఆలోచన అది?"

"నాదే మేడమ్."

"ఎవరన్నా చూసిపెట్టారా?"

"లేదు మేడమ్. నేనే చేశాను."

"సోమవారం తొమ్మిదింటికి వచ్చేయ్. నీ కిటికీకి ఇంకా ఎండ కొడుతూనే ఉంది" అని ఆవిడ పెట్టేసింది. ఆమె ఫోన్ పట్టుకుని అలాగే నిలబడింది. బల్ల దొరికిన సంతోషం ఒకటైతే, నేనే చేశాను అన్న మాట నోట్లోంచి అంత సులువుగా రావడం ఇంకొకటి. బయటివాళ్ళ దగ్గర నీళ్ళు తాగినంత సులువుగా వచ్చిన మాటకి, ఇంట్లో తొమ్మిదేళ్ళుగా గొంతు ఎందుకు పడిపోయిందా అనుకుంది.

ఆరున్నరకి ఆయన వచ్చాడు. బూట్లు విప్పుతూనే వెలుగుతున్న తెర చూశాడు. "అరె, వచ్చిందే!" అని ముఖం ఇంత చేసుకున్నాడు. "చూశావా? చెప్పానా? వస్తువుకి టైమివ్వాలి. దానంతటదే..."

పాప తల్లివైపు చూసింది. అత్తగారు చేతిలో దారం ఆపి కోడలివైపు చూశారు. ఆమెకు ఆ చూపులు రెండూ తగిలాయి. అలమరాలో పదిహేను రోజులుగా టైము తీసుకుంటున్న గొడుగు కూడా కనబడుతోంది.

"లేదండీ" అంది. "నేను బాగుచేశాను."

ఆయన బూటు చేతిలోనే ఉండిపోయింది.

"మిక్సీ బాగుచేసింది నేనే అని మీకు తెలుసు. ఫ్యాను, ఇస్త్రీపెట్టె, కుళాయి కూడా నేనే. వాటంతటవే బాగయ్యాయని చెప్పింది కూడా నేనే, అది నా తప్పు. సోమవారం నుంచి ఆఫీసుకి వెళుతున్నాను. పాపను బస్సు దగ్గర దింపేది ఇకనుంచి మీరే."

ఆయన ముఖం ఎర్రబడింది. మిక్సీ నాటి ఆ మౌనం మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడటం ఆమెకు కనబడుతూనే ఉంది. రానీ, అనుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే భయం వేయలేదు.

"ఇంతకీ ఏం పాడైంది?" అన్నాడు చివరికి, బూటు కింద పెట్టి.

ఆమె నోటుబుక్కులోంచి అట్టముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. టేపు ఇంకా వేలాడుతోంది. "ఇదే. ఇది తీశాక వచ్చింది." ఆయన దాన్ని తిప్పి చూశాడు, ముందుకి తిప్పాడు, తను రాసిన అక్షరాలే మళ్ళీ చదువుకున్నాడు.

ఈలోగా పాప కుర్చీ లాక్కుని, అలమరా పై అరలోంచి గొడుగు దించింది. "అయితే ఇది కూడా దానంతటదే బాగవదా అమ్మా?"

"బాగవదమ్మా. ఇలా తే, ఇద్దరం చేద్దాం."

అత్తగారు కుట్టుపని డబ్బా తెరిచి, నున్నబడ్డ చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసి మనవరాలి చేతిలో పెట్టారు. పెట్టి, గోడవైపు చూశారు. లోలకం ఎప్పటిలాగే ఊగుతోంది.

"ఒరే" అన్నారు కొడుకుతో, "ఆ గడియారం కూడా ముప్పై ఏళ్ళుగా దానంతటదే నడవలేదురా."